తలుపుకి అడ్డం బస్తా

ఓస్లా హాల్‌క్రో ఇంటికి తాళం లేదు.
ముత్తాత నాటి తాళంరంధ్రం ఒకటి మాత్రం ఉంది,
అందులోంచి చలికాలం ఈల వేస్తుంది.

షెట్లాండ్ దీవుల్లో, యెల్ అనే ఆ తేమనేల మీద
జనం తలుపు తట్టరు.
తోసుకొచ్చి, బూట్లు విప్పి, పొయ్యి దగ్గర కుర్చీ లాక్కుని
కూర్చున్నాక అడుగుతారు, "ఇంట్లో ఉన్నావా?" అని.

అలాంటి ఇంట్లో
నలభై ఏడో ఏట ఆమె చదువుతున్నది
తాళాల శాస్త్రం.
సైబర్ భద్రతలో ఎమ్మెస్సీ, ఆన్‌లైన్‌లో, రెండో ఏడు.
పగలంతా రేవులో ఫెర్రీకి టికెట్లు కోసి
రాత్రి తొమ్మిదికి లాప్‌టాప్ తెరుస్తుంది.
గాలి కాస్త గట్టిగా వీస్తే నెట్ పోయే ఊరు అది.
ప్రొఫెసర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే
గేలానికి చిక్కిన చేపలా ఆగిపోతాడు.
ఆమె వెళ్లి టీ పెట్టుకుని వస్తుంది.
ఆయన ఇంకా ఆ మాట దగ్గరే ఉంటాడు:
"ఎవరినీ నమ్మ—"

మొదటి పాఠం అదే.
లోపలివాడైనా బయటివాడైనా
ప్రతిసారీ, ప్రతి గడప దగ్గరా, నువ్వెవరని అడుగు.
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని
మనం ఒక్క ముక్కలో తేల్చేసిన సంగతికి
వాళ్ల పుస్తకంలో నలభై పేజీలు, మూడు పటాలు.
పసుపు పెన్నుతో గీతలు గీస్తూ గీస్తూ
తలెత్తి చూస్తే
బల్ల మీద ఆరు గుడ్లు.
ఎవరు పెట్టి వెళ్లారో.

ఒకసారి హోంవర్కు ఇచ్చారు:
మీకు తెలిసిన ఏదైనా వ్యవస్థకు
ముప్పు ఎటునుంచి రాగలదో రాయండి.
ఆమె తన ఇంటి గురించే రాసింది.
కాపాడవలసినవి: ఒక రేడియో, అమ్మ అల్లిన శాలువా, పిల్లి.
దాడి చేసేది: గాలి.
దిద్దినాయన ఎర్ర అక్షరాల్లో అడిగాడు,
"మరి మనుషుల సంగతి?"
ఆమె బదులివ్వలేదు. మార్కులు యాభై రెండు.

ఫిబ్రవరిలో పక్కింటి మాగ్నీకి ఫోనొచ్చింది.
ఎనభై ఒక్క ఏళ్లవాడు, ఫోనంటే వాతావరణం కనుక్కోవడానికే.
బ్యాంకు నుంచి అంది ఒక గొంతు.
మర్యాద తెలిసిన గొంతు, ముందు ఒంట్లో ఎలా ఉందని అడిగింది.
ఆరంకెలు చదివి వినిపించాడు
కళ్లద్దాలు వెతుక్కుని మరీ,
ఒక్కటి కూడా తప్పు పోకూడదని.
పోయింది, పడవ అమ్మిన డబ్బు.
ఓస్లా వంటింట్లో టోపీ మోకాలి మీద పెట్టుకుని
చాలాసేపటికి అన్నాడు:
"పాపం, ఆ అమ్మాయి ఎంత బాగా మాట్లాడిందో."

ఆ రాత్రి ఆమె పాఠం వినలేదు.
పాత జవాబు తీసి, గాలి అన్న మాట కొట్టేసి,
ఏం రాయాలో తోచక
మళ్లీ గాలి అనే రాసింది.
గొంతు మాత్రం గాలి కాదా.

జూన్‌లో పరీక్ష.
రాత్రి పదకొండైనా కిటికీలో వెలుతురు చావని రోజులు.
కెమెరాకి అవతల, ఏ దేశంలోనో, ఒక కాపలాదారు
గది నాలుగు మూలలూ చూపించమన్నాడు,
బల్ల కింద చూపించమన్నాడు,
చెవులు చూపించమన్నాడు.
"ఇప్పుడు తలుపుకి తాళం వేయండి."
"తాళం లేదు."
"ఏమన్నారు?"
"లేదండీ. ఎప్పుడూ లేదు."
అవతల మౌనం. నిబంధనల పుస్తకంలో
దీనికో పేజీ వెతుకుతున్న చప్పుడు.
చివరికి ఆమె బంగాళాదుంపల బస్తా ఈడ్చుకొచ్చి
తలుపుకి అడ్డం పెట్టి
బస్తాని కూడా కెమెరాకి చూపించింది.
ఆయన రాసుకున్నాడు: బస్తా, ఒకటి.

పదిహేడో ప్రశ్న దగ్గర బస్తా కదిలింది.
ముందు అంగుళం. తర్వాత ఒక భుజం, తర్వాత టోపీ,
కాగితంలో చుట్టిన మాకెరెల్ చేపలు,
ఇంకా నీళ్లు కారుతూ.
తెర మీద ఎర్రగా వెలిగింది:
గుర్తు తెలియని వ్యక్తి.

ఆ ఎరుపు ఆయన ముఖం మీద పడింది.
మాగ్నీ ఆగిపోయాడు.
ఒక అడుగు వెనక్కి వేసి,
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి,
తెరిచే ఉన్న తలుపుని వేలి మెటికలతో మెల్లగా తట్టాడు.

"నేనే," అన్నాడు. "మాగ్నీని."
కాసేపాగి,
"నిజంగా మాగ్నీనే."